ఇల్లు తనఖా పెట్టి జీతాలు ఇవ్వాలా?

ఈసారి సమాధానానికి తీసుకున్న ఉత్తరం ఒక చిన్న పరిశ్రమను నడుపుతున్న మహిళ రాసినది. పేరు వద్దన్నారు. వయసు 48 ఏళ్లు. యంత్రాల విడిభాగాలు తయారుచేసే వర్క్‌షాపును 17 ఏళ్ల క్రితం రెండు పాత లేత్ మిషన్లతో మొదలుపెట్టి, ఇవాళ 14 మందికి పని ఇచ్చే స్థాయికి తెచ్చారు. మాంద్యం మొదలైన ఏడాదిలో ఆర్డర్లు అంతకుముందున్న వాటిలో పదింట ఆరు వంతులకు పడిపోయాయి. అమ్మకాల్లో దాదాపు సగం కొనే ఒకే ఒక పెద్ద కంపెనీ, ఇదివరకు 30 రోజుల్లో చెల్లించే బిల్లులను ఇప్పుడు 90 రోజులకు గాని చెల్లించడం లేదు. సరిగ్గా ఆ సమయంలోనే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకోనిచ్చే అప్పు) పరిమితిని మూడో వంతు తగ్గించింది. గడిచిన రెండు నెలల జీతాలను ఆవిడ కూతురి పైచదువు కోసం దాచిన డిపాజిట్ నుంచి తీసి ఇచ్చారు. ఆ విషయం భర్తకు చెప్పలేదు.

భర్త ఒక ధర్మనిధి మీద, అంటే దాతలు ఇచ్చిన మూలనిధి రాబడి మీద, నడిచే కళాశాలలో అధ్యాపకులు. అక్కడ ఖాళీలు భర్తీ చేయడం ఆపేసి, ఉన్నవారి జీతాల్లో పదో వంతు కోత పెట్టారు. "ఆయన రోజూ రాత్రి వర్క్‌షాపు ఎలా ఉందని అడుగుతారు. ఫరవాలేదని చెబుతాను. ఆ మాట అనడం ఇప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, చెప్పేటప్పుడు నాకే అది నిజమనిపిస్తుంది" అని రాశారు. ఇల్లు తనఖా పెడితే కొత్త అప్పు ఇస్తామని బ్యాంకు అంటోంది, జవాబుకు నెలాఖరు వరకు గడువిచ్చింది. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా ఉంది. కూతురు ఈ ఏడాదితో డిగ్రీ పూర్తి చేస్తుంది. ఉద్యోగాలు దొరికే సూచన లేదు కనుక జీతం లేకుండా అమ్మ దగ్గరే పని చేస్తానంటోంది. ఆవిడ అడిగినవి నాలుగు ప్రశ్నలు. నలుగురిని తీసేయాలా, అందరికీ జీతం తగ్గించాలా? ఇల్లు తనఖా పెట్టాలా? ఈ మాంద్యం ఎప్పటికి ముగుస్తుంది? ఇదంతా తన అసమర్థత వల్లనే జరిగిందా? వర్క్‌షాపు మొదలైన మరుసటి ఏడాది నుంచి తనతోనే ఉన్న పెద్ద మిస్త్రీ ముఖం చూడలేకపోతున్నానని చివర్లో ఒక వాక్యం రాశారు.

మీరు చివర అడిగిన ప్రశ్నను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే ఆ ప్రశ్న మనసులో మెలిపెడుతున్నంత కాలం మిగిలిన మూడింటికీ మీరు ఇచ్చుకునే జవాబులు వంకరగానే వస్తాయి. తప్పు తనదే అనుకునే మనిషి ఆ తప్పును పూడ్చడానికి ఇల్లు సైతం పణంగా పెడతాడు. తన తప్పేమీ లేదనుకునే మనిషి ఏదీ మార్చుకోడు. మీ విషయంలో ఈ రెండూ పూర్తి నిజాలు కావు.

మీకు బిల్లు ఆలస్యంగా చెల్లిస్తున్న కంపెనీ లెక్క ఏమిటో ఊహించండి. దాని సరకు కొనేవారు తగ్గారు, రేపు ఎలా ఉంటుందో తెలియదు, అందువల్ల చేతిలో ఉన్న నగదును వీలైనన్ని రోజులు తన దగ్గరే ఉంచుకోవాలనుకుంటోంది. మీ బ్యాంకుకు ఇతర ఖాతాల్లో మొండి బకాయిలు పెరిగి ఉంటాయి. ఆ నష్టాలు దాని మూలధనాన్ని తినేస్తున్నప్పుడు అది కొత్త అప్పులు తగ్గిస్తుంది, పాత పరిమితులు కుదిస్తుంది. మీరు నలుగురిని తీసేస్తే ఆ నాలుగు కుటుంబాలు ఖర్చు తగ్గించుకుంటాయి, ఆ కోత ఇంకెవరి అమ్మకాల్లోనో కనబడుతుంది. ప్రతి ఒక్కరూ తమవరకు తెలివైన పనే చేస్తుంటారు, అన్నీ కలిసి అందరినీ కిందికి లాగుతాయి. ఒక్కరు పొదుపు చేస్తే వారికి మేలు జరుగుతుందని, అందరూ ఒకేసారి పొదుపు చేస్తే అందరి ఆదాయమూ పడిపోతుందని 1930ల మహామాంద్యం నడుస్తుండగా ఆర్థికవేత్త కీన్స్ వివరించింది ఈ చిక్కునే. ఆ కాలంలో, 1929 నుంచి 1933 వరకు, అమెరికాలో ఉత్పత్తి నాలుగో వంతుకు పైగా పడిపోయి, పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేకుండా పోయింది. వాళ్లందరూ ఒక్కసారిగా అసమర్థులు కాలేదు కదా.

అయితే ఒక విషయంలో మిమ్మల్ని సమర్థించలేను. అమ్మకాల్లో సగం ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడే స్థితి మాంద్యం తెచ్చిపెట్టింది కాదు, మంచి రోజుల్లో మీరు తీసుకున్న నిర్ణయాల ఫలితం. చాలామంది ఆ పనే చేస్తారు. పెద్ద ఆర్డరు వస్తుంటే చిన్నవాళ్ల చుట్టూ తిరగడం ఎవరికి ఓపిక? ఇది మిమ్మల్ని నిందించడానికి కాదు, మీ చేతిలో మార్చగలిగింది ఏదో, మార్చలేనిది ఏదో విడదీసి చూడడానికి చెబుతున్నాను. దేశంలో గిరాకీ పెంచడం మీ వల్ల కాదు. ఆ కంపెనీతో మీ ఒప్పందపు షరతులు మార్చుకోవడం కొంతవరకు మీ వల్ల అవుతుంది.

ఇక ఇది ఎప్పుడు ముగుస్తుందన్న ప్రశ్న. మాంద్యం మొదలు, చివర తేదీలను నిర్ణయించడమే వృత్తిగా పెట్టుకున్న నిపుణులకు కూడా అవి ముందుగా తెలియవు. అమెరికాలో ఆ పని చేసే నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రీసెర్చ్, 2007 డిసెంబరులో మాంద్యం మొదలైందని 2008 డిసెంబరులో ప్రకటించింది. అది 2009 జూన్‌లో ముగిసిందని 2010 సెప్టెంబరులో చెప్పింది. ఆ మాంద్యం 18 నెలలు సాగింది. 2020లో వచ్చినదేమో ఎంత లోతుగా ఉన్నా రెండే నెలల్లో ముగిసింది. మహామాంద్యపు తొలి పతనం 43 నెలలు పట్టింది. వీటి సగటు కట్టి మీ వర్క్‌షాపు భవిష్యత్తు నిర్ణయించుకోవడం సాధ్యం కాదు. ఇంకొక సంగతి: 2009 జూన్‌లో మాంద్యం ముగిసినా, అక్కడ నిరుద్యోగం 10 శాతానికి చేరి శిఖరాన్ని తాకింది ఆ ఏడాది అక్టోబరులో. ఉత్పత్తి కుదుటపడినా మనుషుల జీవితాలు కుదుటపడడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుందన్నమాట. కాబట్టి "వచ్చే ఆరు నెలల్లో తేరుకుంటుంది" అన్న ఆశను ఆధారం చేసుకుని ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టవద్దు. పరిస్థితి ఇలాగే ఉంటే నేను ఎన్ని నెలలు నిలబడగలను అన్న ప్రశ్నకు జవాబు వెతకండి. దానికి జోస్యం అక్కరలేదు, లెక్క చాలు.

మీ ఉత్తరంలో ఆ లెక్కే లేదు. పదిహేడేళ్ల వ్యాపారం గురించి ఇంత వివరంగా రాసిన మీరు, ఈ రోజు ఖాతాలో ఎంత ఉంది, వచ్చే నెల ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్నది ఎక్కడా రాయలేదు. చూసుకోవడానికి భయపడుతున్నారని నా అనుమానం. భయపడేవారు చాలామందే ఉంటారు, కాని మీ దగ్గర రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి, ఆ లెక్క వేయకుండా వాటిని విడదీయలేము. ఆర్డర్లు తగ్గడం ఒకటి. అది లాభనష్టాలకు సంబంధించినది. చేసిన పనికి డబ్బు ఆలస్యంగా రావడం మరొకటి. అది నగదుకు సంబంధించినది. నష్టంలో ఉన్న వ్యాపారం కొంతకాలం బతుకుతుంది, చేతిలో నగదు లేని వ్యాపారం పుస్తకాల్లో లాభం చూపిస్తూనే ఒక శుక్రవారం సాయంత్రం జీతాలు ఇవ్వలేక మూతపడుతుంది.

అందువల్ల ముందుగా 13 వారాల నగదు పట్టిక ఒకటి వేసుకోండి. మూడు నెలలకు సరిపడే ఈ పట్టికను కష్టాల్లో ఉన్న సంస్థలను నిలబెట్టేవారు మామూలుగా వాడతారు. వారానికొక గడి గీసి, ఆ వారంలో కచ్చితంగా వస్తుందనుకునే సొమ్ము ఒక వైపు, కచ్చితంగా పోయే సొమ్ము రెండో వైపు రాయండి. రావలసిన బిల్లును ఒప్పందంలో రాసిన తేదీన వేయవద్దు. ఆ కంపెనీ నిజంగా చెల్లిస్తున్న 90వ రోజున వేయండి. ఎవరైనా "చూద్దాం" అన్న ఆర్డరును అసలు వేయవద్దు. పన్నులు, బీమా, మిషన్ల మరమ్మతు మరిచిపోవద్దు. ఎన్నో వారంలో మొత్తం సున్నా కిందికి దిగుతుందో కనబడుతుంది. ఆ వారం ఐదోదా, పదకొండోదా అన్నదాన్ని బట్టి మీ ప్రశ్నలన్నింటికీ జవాబులు మారిపోతాయి.

ఈ పట్టిక వేసేటప్పుడు ఒక మోసాన్ని గమనించండి. ఆర్డర్లు పడిపోయిన తొలి నెలల్లో నగదు కొంత మెరుగ్గా కనిపిస్తుంది, ఎందుకంటే పాత బిల్లుల సొమ్ము వస్తూ ఉంటుంది, కొత్త ముడిసరుకు కొనే అవసరం తగ్గుతుంది. తేరుకునేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు: ఆర్డర్లు పెరుగుతాయి, ఇనుముకు, జీతాలకు ముందే డబ్బు పెట్టాలి, బిల్లు సొమ్ము మాత్రం 90 రోజుల తర్వాతే వస్తుంది. మాంద్యాన్ని తట్టుకుని నిలబడిన చిన్న సంస్థలు కొన్ని సరిగ్గా ఈ మలుపులోనే, చేతినిండా పని ఉండగా, కూలిపోతాయి. ఉన్నదంతా ఇప్పుడే జీతాలకు ఖర్చు చేస్తే ఆ రోజున మీ దగ్గర ఏమీ మిగలదు.

ఇప్పుడు ఆ పెద్ద కంపెనీ సంగతి. వాళ్లను నొప్పిస్తే ఆర్డర్లు పోతాయన్న భయంతో మీరు ఇంతవరకు ఒక్క ఉత్తరమైనా రాయలేదని అర్థమవుతోంది. అడగడానికి మూడు దారులు ఉన్నాయి. ఒకటి, తొందరగా చెల్లిస్తే తగ్గింపు ఇస్తాననడం. 90 రోజులకు బదులు 30 రోజుల్లో చెల్లిస్తే 2 శాతం తగ్గిస్తాననండి. అంటే 60 రోజుల ముందు డబ్బు కోసం 2 శాతం, ఏడాది మీద చూస్తే సుమారు 12 శాతం వడ్డీ కట్టినట్టు. బ్యాంకు అడిగే వడ్డీతో పోల్చి చూసుకోండి, పైగా ఈ దారిలో ఇల్లు పణం కాదు. రెండోది, ముడిసరుకు వాళ్లే పంపించి, మీరు కేవలం పనికూలి తీసుకునే పద్ధతి. మీ బిల్లు చిన్నదవుతుంది, లాభమూ కొంత తగ్గుతుంది, కాని మీ సొమ్ము వాళ్ల దగ్గర ఇరుక్కుపోవడం బాగా తగ్గుతుంది. మీలాంటి వర్క్‌షాపుకు ఈ రెండోది ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. మూడోది, బకాయి ఒక పరిమితి దాటితే కొత్త సరకు పంపననడం. ఇది అన్నింటికంటే కఠినమైనది, చెబితే ఆర్డరు పోయే ప్రమాదం నిజంగానే ఉంది. అయితే చెప్పకపోతే వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. ఆ కంపెనీయే దివాలా తీస్తే, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులు ముందు తీసుకుంటాయి; మీలాంటి సరకు ఇచ్చినవారు వరుసలో చాలా వెనుక నిలబడతారు. అంటే మీరు ఇవాళ మూడు నెలల పనిని తాకట్టు లేని అప్పుగా ఇస్తున్నారు, అదీ మీకంటే ఎన్నో రెట్లు పెద్ద సంస్థకు.

పనివాళ్ల విషయానికి వస్తాను. అందరికీ జీతం తగ్గించడం ధర్మంగా కనిపిస్తుంది, కొందరిని తీసేయడం క్రూరంగా కనిపిస్తుంది. అయినా యజమానులు ఎక్కువగా రెండోదే ఎందుకు చేస్తారు? 1990ల మొదట్లో అమెరికా ఈశాన్య ప్రాంతంలో మాంద్యం నడుస్తున్నప్పుడు ట్రూమన్ బ్యూలీ అనే ఆర్థికవేత్త 300 మందికి పైగా వ్యాపారులను, కార్మిక నాయకులను, ఇతరులను కలిసి ఈ ప్రశ్నే అడిగారు. జీతం తగ్గిస్తే ఉన్నవారందరి మనసూ విరుగుతుంది, ఆ విరిగిన మనసుతోనే రోజూ పనికి వస్తారు. తీసేస్తే బాధపడేవారు బయటికి వెళ్లిపోతారు అన్నది యజమానుల నోట ఆయన విన్న జవాబు. వినడానికి చేదుగా ఉన్నా నిజాయితీ ఉన్న మాట అది. అయితే ఆ మాట పెద్ద సంస్థలకు సరిపోయినంతగా 14 మంది ఒకే కప్పు కింద పనిచేసే చోటికి సరిపోదు. మీ దగ్గర తీసేసిన నలుగురి ఖాళీ బల్లలు మిగిలిన పదిమందికి రోజూ కనబడతాయి.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఉంది: గంటలు తగ్గించడం. పని పదింట ఆరు వంతులే ఉన్నప్పుడు అందరూ వారానికి నాలుగు రోజులు పనిచేసి ఆ మేరకు జీతం తీసుకోవడం. 2009లో జర్మనీ ఉత్పత్తి 5 శాతం మేర పడిపోయినా నిరుద్యోగం అక్కడ పెద్దగా పెరగకపోవడానికి ఒక కారణం ఇదే. తగ్గిన గంటలకు పోయిన జీతంలో కొంత భాగాన్ని ప్రభుత్వం ఇచ్చేది, ఒక దశలో సుమారు 15 లక్షల మంది ఆ పథకం కింద ఉన్నారు. మీరున్న చోట అటువంటి సహాయం ఏదైనా ఉందేమో ముందు కనుక్కోండి. లేకపోతే ఆ కోత భారమంతా మీ పనివాళ్ల ఇళ్లమీదే పడుతుంది, దానిని దాచి చెప్పకూడదు. ఇంకొక లోపం కూడా ఉంది: నాలుగు రోజుల జీతంతో బతకలేనివారిలో, బయట పని దొరకగల నేర్పరులే ముందు వెళ్లిపోతారు. అన్నింటికీ మించి, గంటలు, జీతాలు మార్చడానికి, మనుషులను తీయడానికి నోటీసు, పరిహారం వంటి చట్టపు నియమాలు ఉంటాయి. కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదితో ఒక గంట మాట్లాడకుండా ఏ మార్పూ ప్రకటించవద్దు.

తీసేయడమే తప్పనిసరైతే ఒక విషయం గుర్తుంచుకోండి. 1980ల తొలినాళ్లలో పెన్సిల్వేనియాలో, ఒకేచోట చాలా ఏళ్లు పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్నవారిని పరిశీలించిన ఆర్థికవేత్తలకు, ఐదారేళ్లు గడిచినా వారి సంపాదన ఉండవలసినదానికంటే దాదాపు నాలుగో వంతు తక్కువగానే కనిపించింది. చాలాకాలం ఒకే యజమాని దగ్గర నేర్చుకున్న పనికి బయట అంత విలువ కట్టరు. మీ పెద్ద మిస్త్రీ సరిగ్గా ఆ స్థితిలో ఉన్నారు. ఎక్కువ జీతం తీసుకుంటున్నారు కనుక ముందు ఆయన పేరే లెక్కలో తేలుతుంది, బయట ఎక్కువ నష్టపోయేదీ ఆయనే, మీ మిషన్ల గుట్టు తెలిసిందీ ఆయనకే. ఆయన ముఖం చూడలేకపోతున్నానన్నారు. నా మాట వింటే, ఆయనను కూర్చోబెట్టి ఆర్డర్ల పుస్తకం చూపించండి. షెడ్డులో ఏ మూల మిషన్ ఆగిందో మీకంటే ముందు గమనించే మనిషికి ఇదంతా తెలియదనుకుంటున్నారా? మీ పనివాళ్లకు తెలియనిది మీరేమి చేయబోతున్నారన్నది మాత్రమే, దాన్ని వాళ్లు పుకార్లతో నింపుకుంటున్నారు.

ఇంటి తనఖా గురించి నేను వద్దని గట్టిగా చెబుతానని మీరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. అంత సులువుగా చెప్పలేను. ఆ సొమ్ము దేనికన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది. చేతిలో ఖాయమైన ఆర్డరు ఉండి, దానికి ముడిసరుకు కొనడానికి, బిల్లు సొమ్ము వచ్చే 90 రోజుల మధ్య దూరాన్ని దాటడానికి అయితే, ఆ అప్పు ఒక వంతెన. అవతలి గట్టు కనబడుతోంది. లేని పనికి నెలనెలా జీతాలు ఇవ్వడానికి అయితే, మీరు ఇంటిని ముక్కలు చేసి నెలకొక ముక్క పంచిపెడుతున్నట్టే, ఆ తర్వాత ఆర్డర్లు రాకపోతే ఇల్లూ పోతుంది, ఆ ఉద్యోగాలూ పోతాయి. మీ ఉత్తరం చదివితే నాకు ఎక్కువ పాలు రెండోదే కనిపిస్తోంది.

అప్పుకు ఒక చెడ్డ స్వభావం ఉంది, మాంద్యంలో అది బయటపడుతుంది. ఆదాయం, ధరలు పడిపోయినా అప్పు అంకె మాత్రం తగ్గదు. అందువల్ల తీర్చేకొద్దీ అప్పు బరువు పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. అర్వింగ్ ఫిషర్ అనే ఆర్థికవేత్త 1933లో దీన్ని వివరంగా రాశారు. 1929 షేర్ల పతనంలో ఆయన సొంత ఆస్తి కూడా పోయింది, కాబట్టి ఊరికే సిద్ధాంతం చెప్పారని ఎవరూ అనలేరు. మీ ఇంట్లో ఇంకొక మెలిక ఉంది. మామూలుగా ఒకరిది వ్యాపారం, ఒకరిది జీతం అయితే ఒకటి పోయినా రెండోది నిలబెడుతుంది. ఇప్పుడు మీ భర్త జీతం మీదా అదే దెబ్బ పడుతోంది. ధర్మనిధులు షేర్లలో, బాండ్లలో పెట్టుబడిగా ఉంటాయి, మార్కెట్లు కుంగితే వాటి రాబడీ కుంగుతుంది. 2009 జూన్‌తో ముగిసిన ఏడాదిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు నిధి పెట్టుబడుల మీద 27 శాతం నష్టపోయింది, ప్రపంచంలోనే అతి సంపన్నమైన ఆ విద్యాసంస్థ కడుతున్న సైన్సు భవన సముదాయాన్ని మధ్యలో ఆపుకోవలసి వచ్చింది. అంత ఉన్నవారే ఆగినప్పుడు, పదో వంతు జీతం కోత మీ భర్త కళాశాలలో చివరి కోత అని అనుకోవడానికి ఆధారం లేదు. తనఖా వాయిదాలను ఆయన జీతం భరిస్తుందన్న లెక్క మీ మనసులో ఎక్కడైనా ఉంటే దాన్ని కొట్టివేయండి.

మీ వర్క్‌షాపు పరిమిత బాధ్యత గల కంపెనీగా నమోదై ఉందా, మీ సొంత పేరు మీద ఉందా అన్నది మీరు రాయలేదు. ఇది చాలా ముఖ్యం. కంపెనీ అయితే దాని అప్పులకూ మీ ఇంటికీ మధ్య చట్టం ఒక గోడ కట్టింది. మీరు సొంత హామీ సంతకం పెట్టినా, ఇల్లు రాసిచ్చినా ఆ గోడను మీ చేత్తో మీరే పడగొట్టినట్టు. ఇప్పటికే ఓవర్‌డ్రాఫ్ట్ కాగితాల్లో అటువంటి సంతకం ఉందేమో తీసి చదవండి. బ్యాంకు మీ పాత అప్పును తాకట్టు లేని స్థితి నుంచి తాకట్టు ఉన్న స్థితికి మార్చుకోవడానికే ఈ కొత్త అప్పు ఇవ్వజూపుతోందేమో కూడా గమనించండి. వచ్చే సొమ్ములో ఎంత నిజంగా మీ చేతికి అందుతుంది, ఎంత పాత ఖాతాకు జమ అవుతుంది అని సూటిగా అడగండి. దానికి బదులు ఉన్న అప్పు గడువు పెంచమని, కొన్ని నెలలు వడ్డీ మాత్రమే కట్టనివ్వమని అడగవచ్చు. ఒక్క వాయిదా కూడా తప్పకముందు అడిగినవారి మాటకు, తప్పిన తర్వాత అడిగినవారి మాటకు బ్యాంకులో చాలా తేడా ఉంటుంది.

అన్నీ చూసుకున్నాక తనఖాకే మొగ్గితే, అప్పు ఎంతకు మించకూడదో, ఏ తేదీ నాటికి ఆర్డర్లు ఎంతకు చేరకపోతే ఆపేస్తారో ముందే రాసుకుని ఆ కాగితం మీ భర్త చేతికివ్వండి. ఎందుకంటే ఆ తేదీ వచ్చేసరికి "ఇంత పెట్టాక ఇంకో నెల" అనిపిస్తుంది. నిండా మునిగినవాడికి చలేమిటని మనవాళ్లు సామెత చెబుతారు. అప్పుల విషయంలో అంత ప్రమాదకరమైన మాట ఇంకొకటి లేదు. మీరు ఇంకా నిండా మునగలేదు, నడుములోతులో ఉన్నారు.

మూసివేయడం గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. అదీ ఒక దారే. ఇవాళ మిషన్లు అమ్మి, రావలసినవి వసూలు చేసుకుని, పనివాళ్ల బాకీలు, సరఫరాదారుల బాకీలు పూర్తిగా తీర్చి గౌరవంగా తలుపు వేయగల స్థితిలో మీరు ఉండవచ్చు. ఆరు నెలల తర్వాత ఆ స్థితి ఉండకపోవచ్చు. అయితే మాంద్యంలో మిషన్లకు మంచి ధర రాదు, ఎందుకంటే అమ్మేవారే అందరూ. తీర్చలేమని తెలిసీ కొత్త అప్పులు చేస్తూ కంపెనీ నడిపితే ఆ భారం నడిపినవారి మీద సొంతంగా పడేలా చాలా దేశాల చట్టాలు ఉన్నాయి, కాబట్టి న్యాయవాదితో మాట్లాడే ఆ గంటలో దీన్ని కూడా అడగండి. మూసేయమని నేను అనడం లేదు. పట్టికలో నాలుగో దారిగా దాన్ని కూడా రాసి, దాని అంకెలు వేసి చూడమంటున్నాను.

కూతురి చదువు సొమ్ము గురించి, ఆమె గురించి. ఆ సొమ్మును వర్క్‌షాపు పుస్తకాల్లో మీ నుంచి తీసుకున్న అప్పుగా, తేదీతో సహా రాయించండి. ఊరికే కలిసిపోతే మీకే తర్వాత గుర్తుండదు. ఆమె జీతం లేకుండా మీ దగ్గర చేరతానంటోంది. ప్రేమతో అన్న మాటే, కాని ఆమె ఎదుట ఉన్నది చిన్న చిక్కు కాదు. మాంద్యంలో చదువు ముగించిన కెనడా పట్టభద్రులను చాలాకాలం గమనించిన ఒక అధ్యయనంలో, మొదట్లో వారి సంపాదన సుమారు 9 శాతం తగ్గిందని, ఐదేళ్లకు ఆ లోటు సగమై, పదేళ్లకు దాదాపు మాసిపోయిందని తేలింది. పూడ్చుకున్నవారు ముందు దొరికిన చిన్న సంస్థల్లో చేరి, తర్వాత మెరుగైన చోట్లకు మారినవారు. అందువల్ల తన రంగంలో చిన్న ఉద్యోగమైనా దొరికితే అదే మేలు. దొరికే వరకు ఆమె మీ బకాయిల వసూలు చూస్తానంటే కాదనవద్దు; అయితే దానికి ఆరు నెలలని గడువు పెట్టుకోండి.

మీ భర్తకు చెప్పడం ఎలాగన్నది మీరు ప్రశ్నగా అడగలేదు, ఉత్తరమంతా అదే ఉంది. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది కనుక ఆయన సంతకం లేకుండా తనఖా జరగదు. అంటే ఎలాగూ చెప్పవలసినదే; తేలవలసినది ఏ సందర్భంలో చెబుతారన్నది. తనఖా పత్రం ముందుపెట్టి "సంతకం పెట్టండి, ఎందుకంటే..." అని మొదలుపెడితే, ఆయన వినేది సంతకం కోసం చెబుతున్న కథగానే ఉంటుంది. పత్రం లేని రోజున, 13 వారాల పట్టికతో, డిపాజిట్ నుంచి తీసిన మొత్తంతో మొదలుపెట్టి చెప్పండి. కోపం వస్తుంది. డబ్బు తీసినందుకు వచ్చే కోపం కంటే రెండు నెలలు ఫరవాలేదన్నందుకు వచ్చే కోపం ఎక్కువగా ఉంటుంది, దానికి మీ దగ్గర సమర్థన లేదు, వెతకవద్దు కూడా. ఆయన కూడా కళాశాలలో రాబోయే కోతల గురించి మీకు తగ్గించి చెబుతున్నారేమో. ఆ మాట ఆ రాత్రే బయటికి వస్తే ఆశ్చర్యపోకండి.

బ్యాంకు గడువు నెలాఖరు అన్నారు. పట్టిక వేయడానికి రెండు మూడు రోజులు, న్యాయవాదికి ఒక రోజు, ఆ కంపెనీకి ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోవడానికి కనీసం రెండు వారాలు పడతాయి. ఇవన్నీ నెలాఖరులోపు తెమలవు. కాబట్టి రేపే బ్యాంకుకు, నిర్ణయానికి మరో 30 రోజుల గడువు కోరుతూ లిఖితపూర్వకంగా అడగండి. కారణంగా పెద్ద కొనుగోలుదారుతో చెల్లింపు షరతుల మీద చర్చలు జరుగుతున్నాయని రాయండి. అది రాసిన రోజునే ఆ కంపెనీకి మొదటి ఉత్తరం కూడా పంపితే, ఆ మాట నిజమవుతుంది.